నవాబుల బూట్లు తుడిచినోళ్లం

“మీరు నవాబులు కదా!”

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. టీచరుగా చేరిన కొత్తలో స్టాఫ్ రూములో విన్నాను. అద్దె ఇంటి కోసం తిరిగినప్పుడు విన్నాను. ఒకసారి బస్సులో పక్క సీటు పెద్దమనిషి నా పేరు అడిగి, చెప్పగానే కిందికి నా కాళ్ల వైపు చూసి, “బూట్లు అద్దం లెక్క మెరుస్తున్నయి సార్. నవాబుల రక్తం యాడికి పోతది!” అన్నాడు. ద్వేషంతో అనలేదు, మెచ్చుకుంటూనే అన్నాడు. తిట్టినవాడికి ఎదురు జవాబు చెప్పొచ్చు. మెచ్చుకున్నవాడికి ఏం చెబుతాం?

ఆ జవాబు ఇక్కడ రాస్తున్నాను.

మా దాదా హైదరాబాదులో ఒక జాగీర్దారు దేవిడీలో బూట్లు తుడిచేవాడు. మా అబ్బా పోలీసు కానిస్టేబులు. సర్వీసులో సగానికి పైగా పెద్ద ఆఫీసర్ల బంగళాల్లో ఆర్డర్లీగా ఉండి వాళ్ల బూట్లు తుడిచాడు. నేను నా బూట్లు తుడుచుకుంటాను. నవాబులతో మా ఇంటికున్న చుట్టరికం ఇంతే, వాళ్ల పాదాల దాకానే. ఆ పెద్దవాళ్ల ముఖాలు మా దాదాకు సరిగా గుర్తుండేవి కావు. ఎవరి బూటు ఏ పక్కకు అరుగుతుందో, ఎవరి మడమ లోపలికి వాలుతుందో మాత్రం చివరిదాకా చెప్పేవాడు.

దేవిడీలో బూట్లకని ఒక గది ఉండేదట. దాదా ఫజర్ నమాజ్ చదువుకుని ఆ గదిలో కూర్చుంటే, సాహెబు నిద్ర లేచే లోపల పని అయిపోవాలి. మోకాళ్ల దాకా వచ్చే గుర్రపుస్వారీ బూట్లు, దావతులకు వేసుకునే నల్ల పంపుషూలు, షికారుకు పోయే బరువు బూట్లు. ఒక్కోదానికి ఒక్కో గుడ్డ. నలుపు తగిలిన గుడ్డ గోధుమరంగు తోలుకు తగలకూడదు. గుడ్డ కూడా బాగా ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత ముల్‌ముల్ అయి ఉండాలి. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, తోలు మీద గీతలు పెడుతుంది.

ముందు లేసులు విప్పాలి. లేసులు ఉంచి తుడిచేవాడు పని దొంగ అనేవాడు దాదా. తర్వాత పొడి బురుషుతో దుమ్ము రాల్చాలి. తోలుకూ అట్టకూ మధ్య కుట్టు ఉంటుంది, ఇసుక అక్కడే దాక్కుంటుంది, దారాన్ని కోసేది అదే. ఆ తర్వాత తడిపి గట్టిగా పిండిన గుడ్డతో ఒకసారి తుడిచి ఆరనివ్వాలి. అప్పుడు పాలిష్. గోరు మీదికి వచ్చేంత తీసుకుని పలచగా రాయాలి. ఎక్కువ రాస్తే ఎక్కువ మెరుస్తుందనుకోవడం తెలియనివాళ్ల మాట. మందంగా పట్టిన పాలిష్ దుమ్మును పట్టుకుంటుంది. రాసి పక్కన పెట్టి పది నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత బురుషు, చివరికి గుడ్డ పీలికను రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ లాగడం. “జల్దీ నక్కో కర్ రే, చమ్డా భీ సాంస్ లేతా” అనేవాడు. తొందరపడకు, తోలు కూడా ఊపిరి తీసుకుంటుందని.

బురుషు విషయంలో దాదా పట్టుదల గట్టిది. బూట్ల బురుషులు రెండు రకాలు. గుర్రం వెంట్రుకలతో చేసేది ఒకటి, పంది వెంట్రుకలతో చేసేది ఇంకొకటి. పంది వెంట్రుక బిరుసు, ఎండిన బురద రాల్చడానికి పనికొస్తుంది. గుర్రపు వెంట్రుక మెత్తన, చివరి మెరుపు దానితోనే వస్తుంది. దేవిడీలో రెండు రకాలూ ఉండేవట. సాహెబు ముస్లిమే, అయిదు పూటలా నమాజ్ చదివేవాడే. కానీ షాపు నుంచి వచ్చిన విలాయతీ బురుషు దేనితో చేశారో ఆయనకు పట్టదు. పట్టుకునే చెయ్యి ఆయనది కాదు కదా! చెయ్యి మా దాదాది. అందుకని ఆయన ఆ బురుషును పక్కన పడేసి, అట్టల మీది బురద కొబ్బరి పీచుతో రాల్చేవాడు. హలాల్ హరామ్ లెక్క పైవాడికి ఒక రకంగా, కాళ్ల దగ్గర కూర్చున్నవాడికి ఇంకో రకంగా ఉంటుందని మా ఇంట్లో అందరికంటే ముందు తెలిసింది ఆయనకే.

1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి వచ్చింది. 17న నిజాం లొంగిపోయాడు. దాదా అప్పుడు నల్లగొండ జిల్లాలో మా ఊళ్లో ఉన్నాడు. సాహెబు పారేయబోతూ ఇచ్చిన పాత బూట్ల జత ఒకటి ఇంట్లో ఉండేది. దాదా కాలికి రెండు వేళ్లు వదులు. ముందు కాగితం కుక్కి ఈద్ నాడు వేసుకునేవాడు. ఆ రోజుల్లో ఒక రాత్రి మా దాదీ ఆ జతను కొంగులో చుట్టి తీసుకుపోయి బావిలో వేసింది. ఖాకీ గుడ్డో తోలు బూటో కనిపించిన ఇంటి తురకోడు రజాకారే అనుకునే రోజులు. రజాకార్లు ఊళ్ల మీద పడి చేసిన దుర్మార్గం నిజం, దాన్ని దాచేవాళ్లు మా మేలు కోరేవాళ్లు కారు. ఆ తర్వాత రజాకారు ముఖం కూడా ఎరగని పేద ముస్లింలు వేలకొద్దీ చచ్చిపోయారన్నదీ నిజమే. 27 వేల నుంచి 40 వేల మంది దాకా అని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ రిపోర్టును దశాబ్దాల పాటు ప్రభుత్వం బయటపెట్టలేదు. మా దాదీకి రిపోర్టులు తెలియవు. మెరిసే బూటు మా ఇంట్లో ఉండడం ప్రమాదమని తెలుసు. అది నవాబు విడిచిన బూటని, తుడిచినందుకు ఇచ్చిన బూటని ఆ రాత్రి ఎవరికి చెప్పుకుంటుంది?

1949లో జాగీర్లు రద్దయ్యాయి. మంచిదే అయింది. జాగీర్దార్లకు ప్రభుత్వం లెక్క కట్టి పరిహారం ఇచ్చింది. జాగీర్దారు బూట్లు తుడిచినవాడికి ఎవరిస్తారు? దేవిడీ నౌకర్లందరినీ పంపించేశారు. దాదా ఒక చెక్కపెట్టె చేయించుకుని మా పట్నంలో కచేరీ ముందు వేపచెట్టు కింద కూర్చున్నాడు. పెట్టె మీద కాలు పెట్టుకోవడానికి పాదమంత చెక్క, లోపల రెండు డబ్బీలు, రెండు బురుషులు, గుడ్డలు. వకీళ్లు, గుమాస్తాలు, వాయిదాలకు వచ్చిన దొరలు ఆయన బేరాలు. నిన్నటిదాకా ఒక్క సాహెబు కాళ్ల దగ్గర ఉన్నవాడు ఇప్పుడు ఊరందరి కాళ్ల దగ్గరికి వచ్చాడు. ముస్లింల రాజ్యం పోయిందని అంటారు కదా, మా ఇంట్లో పోయింది ఒక గది నీడ.

1954లో రాజ్‌కపూర్ నిర్మించిన ‘బూట్ పాలిష్’ సినిమా వచ్చింది. అడుక్కోవద్దు, బూట్లు తుడిచి అయినా సొంతంగా బతకాలనుకునే ఇద్దరు పిల్లల కథ. దాదా జీవితంలో డబ్బు పెట్టి చూసిన సినిమా అదొక్కటే. బయటికి వచ్చి, పిల్లవాడు బురుషు పట్టుకోవడం సరిగా లేదన్నాడట!

తుడిపించుకున్నవాళ్లలో చాలామంది డబ్బు చేతికి ఇచ్చేవాళ్లు కారు, పెట్టె మీదికి విసిరేవాళ్లు. తోలు ముట్టుకున్న చెయ్యి తగులుతుందని కొందరు, అలవాటు కొద్దీ కొందరు. 1975లో సలీం–జావేద్ రాసిన ‘దీవార్’లో బూట్లు తుడిచే పిల్లవాడు విసిరిన డబ్బు తీసుకోనంటాడు. హాల్లో జనమంతా ఈలలు వేశారు. నేనూ వేశాను. ఇంటికొచ్చి దాదాకు ఆ సీను చెబితే నవ్వాడు. “వో ఫిలం హై బేటా. ఘర్ మే బచ్చే భూకే రహే తో ఉఠానా పడ్తా” అన్నాడు. ఇంట్లో పిల్లలు ఆకలితో ఉంటే ఏరుకోక తప్పదు. ఆయన ఏరుకున్న ఆ డబ్బుతోనే మా అబ్బా ఏడో తరగతి దాకా చదివాడు.

దీన్‌లో ఈ పని తక్కువది కాదు. ప్రవక్త ముహమ్మద్ (స) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, తన చెప్పులు తానే బాగుచేసుకునేవారని, బట్టలు తానే కుట్టుకునేవారని ఆయిషా బీబీ చెప్పినట్టు హదీసుల్లో ఉంది. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో అబూబక్ర్ అల్ ఖస్సాఫ్ అని పెద్ద న్యాయ పండితుడు ఉండేవాడు. ఖస్సాఫ్ అంటే చెప్పులు కుట్టేవాడు. ఆ పనితోనే పొట్ట పోసుకున్నాడని చెబుతారు. వక్ఫ్ నియమాల మీద, కాజీ తీర్పు చెప్పే పద్ధతి మీద ఆయన రాసిన కితాబులు హనఫీలకు పెద్ద ఆధారం. ఈ దేశంలో మనలో ఎక్కువమందిమి హనఫీలమే. వక్ఫ్ భూముల గురించి ఇవాళ ఇంత కొట్లాట జరుగుతున్నది కదా, ఆ వక్ఫ్ ధర్మాన్ని వివరించి రాసిన తొలి పెద్దల్లో ఒకడు చెప్పులు కుట్టి బతికినవాడని మన పిల్లలకు ఎవరు చెబుతారు?

అదే హనఫీ ఫిఖ్‌లో పెళ్లికి కఫాఅత్ అనే లెక్క కూడా ఉంది. పెళ్లికొడుకు పెళ్లికూతురికి సరిజోడు కావాలంటే వృత్తి కూడా చూడాలని, నేసేవాడు, తోలు శుద్ధి చేసేవాడు, ఊడ్చేవాడు అత్తరు వ్యాపారికీ బట్టల వ్యాపారికీ సరిజోడు కాడని పాత కితాబులు చెప్పాయి. కితాబుల్లో ఉన్నది ఇంత. ఈ నేల మీద కులంతో కలిసి అది కొండంత అయింది. మా ఫుప్పూకు కుదిరిన సంబంధం నిఖా వారం ఉందనగా తప్పిపోయింది. పెళ్లికొడుకు వాళ్లు సయ్యదులు. “లడ్కీ కా బాప్ కచేరీ కే సామ్నే జూతే పోంఛ్తా” అని తెలిసిందట. వాళ్లూ పేదవాళ్లే, ఇంటి కప్పు కారుతుండేది. అయినా కారే కప్పు కింద కూడా షరాఫత్ తడవకుండా ఉంటుంది! మీరు మమ్మల్నందరినీ ఒకే ముద్దగా ‘సాయిబులు’ అంటారు. ఆ ముద్దలో అష్రాఫ్ అని, అజ్లాఫ్ అని గీతలున్నాయి. మసీదులో ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడతాం, నిజమే. బయట చెప్పులు వేసుకోగానే ఎవరి చెప్పులు వాళ్లవి.

అబ్బా పోలీసులో చేరాడు. ఖాకీ వేసుకుంటే మన కాళ్లకు కూడా సర్కారు బూట్లు వస్తాయని దాదా సంతోషపడ్డాడట. బూట్లు వచ్చాయి. వాటితో పాటు ఆర్డర్లీ డ్యూటీ వచ్చింది. బంగళాలో కూరగాయలు తేవడం, పిల్లల్ని బడికి దింపడం, అన్నిటికంటే ముందు బూట్లు, బెల్టు. తండ్రి చేతిలోని పని తెలిసిన కానిస్టేబులని ఆయన పేరు జిల్లా అంతా పాకింది. ఆఫీసరు మారినా అబ్బా మారలేదు. ఆఫీసర్ల బూట్లు గోధుమరంగు, అబ్బావి నలుపు. పగలంతా గోధుమరంగు తుడిచి, రాత్రి ఇంటికొచ్చి నలుపు తుడుచుకునేవాడు.

పరేడు మెరుపు మామూలు మెరుపు కాదు. పాలిష్ డబ్బీలో ఉండేది మైనం, రంగు, వాటిని కరిగించి ఉంచే టర్పెంటైన్ లాంటి నూనె. చెర్రీ బ్లాసమ్ అయినా, కివీ అయినా లోపలి సంగతి ఇంచుమించు ఇదే. రెండు డబ్బీలూ 1906లోనే పుట్టాయి, ఒకటి లండన్‌లో, ఒకటి ఆస్ట్రేలియాలో. రాసిన తర్వాత నూనె ఆవిరైపోతుంది, మైనం మిగులుతుంది. తోలు మీద కంటికి కనపడని గుంటలుంటాయి. ఆ మైనం వాటిని నింపి చదును చేస్తే వెలుగు చెదరకుండా తిరిగొస్తుంది. దాన్నే మనం మెరుపు అంటాం. అబ్బా గుడ్డను రెండు వేళ్లకు బిగించి చుట్టి, కాస్త పాలిష్, ఒక చుక్క నీళ్లు, మళ్లీ కాస్త పాలిష్, ఒక చుక్క నీళ్లు అద్దుతూ పావలా బిళ్లంత చుట్లు తిప్పేవాడు. ఎనిమిది పొరలో పది పొరలో అయ్యాక బూటు మూతిలో ముఖం కనిపించేది. ఆ మందపు పొర మూతికీ మడమకీ మాత్రమే వేయాలి. వేళ్ల దగ్గర బూటు మడత పడే చోట వేస్తే నాలుగడుగులకే పగిలి పెచ్చులు లేస్తుంది. “ఝుక్నే కీ జగా చమక్ నై టిక్తీ” అనేవాడు అబ్బా. వంగే చోట మెరుపు నిలవదు. ఆయన బూట్ల గురించే అన్నాడు.

1992 డిసెంబరు 6న బాబ్రీ మసీదును కూల్చారు. ఆ రాత్రి మా పట్నంలో కర్ఫ్యూ. తోటి కానిస్టేబుళ్లందరినీ గల్లీల్లో నిలబెట్టారు. అబ్బాను మాత్రం “నువ్వు బంగ్లాలోనే ఉండు” అన్నారు. ఆయన మంచి కోరి అన్నారో, ఆయన మీద నమ్మకం లేక అన్నారో! వాళ్లు చెప్పలేదు, అబ్బా అడగలేదు. బందోబస్తు ఎక్కువగా ఉన్న గల్లీ మాది. ఆ గల్లీలో తిరిగొచ్చిన బూట్లను రాత్రి రెండు గంటలకు వరండాలో విడిస్తే, తెల్లవారేసరికి అవి మళ్లీ మెరవాలి. మా గల్లీ మొదట్లో సున్నపు బట్టీ ఉండేది. అక్కడి తెల్ల దుమ్ము ఊళ్లో ఇంకెక్కడా ఉండదు. ఆ బూట్లు ఎవరి ఇళ్ల ముందు నడిచొచ్చాయో అబ్బాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఆ దుమ్మును తుడిచాడు. మూడు రాత్రులు తుడిచాడు. నాలుగో రోజు ఇంటికొచ్చి లోపలికి రాకుండా ముందు గల్లీ చివరిదాకా నడిచి, ఏ ఏ ఇంటి తలుపులు విరిగాయో చూసి వచ్చాడు. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని తన బూట్లు విప్పాడు. అవి కూడా తెల్లగా ఉన్నాయి.

ఇంతకీ ఆ తోలు ఎక్కడిది? బూటు మెరుపు దగ్గర ఆగిపోతే కథలో సగమే చెప్పినట్టు.

మా ఊళ్లో తోలు పని మాదిగలది. చచ్చిన పశువును మోసుకుపోయి, తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టి వెంట్రుక రాల్చి, లందలో వేసేవాళ్లు. లందలో తంగేడు చెక్క, కరక్కాయ. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు అందరికీ తెలుసు. ఆ చెట్టు బెరడే పచ్చి తోలును కుళ్లకుండా కాపాడి చెప్పుగా మారుస్తుందని ఎంతమందికి తెలుసు? పువ్వు ఊరి నడుమకు వచ్చింది, బెరడు ఊరి బయట ఉండిపోయింది. ఇప్పుడు ఫ్యాక్టరీల్లో ఎక్కువగా క్రోమియం లవణాలతో శుద్ధి చేస్తారు, వారాల పని రోజుల్లో అయిపోతుంది. అప్పట్లో ఆరె, రంపె పట్టుకుని మా ఊరి మాదిగ తాత కుట్టిన కిర్రు చెప్పులు ఆముదం పోసి నానబెడితే ఏళ్ల తరబడి వచ్చేవి. దాదా ఆయన్ని “బావా” అనేవాడు, ఆయన దాదాను “సాయిబు బావా” అనేవాడు. ఒకరు కుట్టేవాడు, ఒకరు తుడిచేవాడు. కోసే పని ఖురేషీలది. ఆ పనిలో మేము మాదిగలకు ఎంత దగ్గరో, నవాబులకు అంత దూరం.

తెలుగులో ఒక మాట ఉంది. ఎంతో మేలు చేసినవాళ్లతో, నా చర్మంతో చెప్పులు కుట్టించి ఇచ్చినా నీ రుణం తీరదంటాం. ఉర్దూలోనూ ఇదే మాట ఉంది. రెండు భాషలవాళ్లూ ఈ మాట అనేటప్పుడు కళ్లనీళ్లు పెట్టుకుంటారు. మరి ఆ చెప్పులు కుట్టేది ఎవరు? అతన్ని ఇంట్లోకి రానిస్తారా? ఈ ప్రశ్న రెండు భాషల్లోనూ వేయాలి.

మా దీన్‌లో శుద్ధి చేసిన తోలు పాక్. పంది తోలు మినహాయింపు. వుజూ చేసి తోలు మేజోళ్లు తొడుక్కుంటే, తర్వాతి వుజూలో కాళ్లు కడగనక్కర్లేదు, తడిచేత్తో మేజోడు మీద నిమిరితే చాలు. ఇంటిపట్టున ఉన్నవాడికి ఒక పగలూ రాత్రీ, ప్రయాణంలో ఉన్నవాడికి మూడు పగళ్లూ రాత్రులూ ఆ వెసులుబాటు ఉంది. తోలు ముట్టుకుంటే మైల పడే ధర్మం కాదు మాది. అయినా ఈ దేశం చట్టం తోలును మతం చూసి కొలుస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం చెప్పులు కుట్టే కులాలవాళ్లు హిందువులైతేనే షెడ్యూల్డు కులం. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. అదే పని చేసే ముస్లిం మోచీకి, క్రైస్తవుడికి ఇప్పటికీ లేదు. షేకులమని సర్టిఫికెట్టు ఉన్న మాకు 2007లో బి.సి.-ఇ కింద 4 శాతంలో చోటు దొరికింది. అది కూడా కోర్టు మెట్లెక్కింది. “నవాబులకు రిజర్వేషన్లా?” అన్నారు స్టాఫ్ రూములో!

2016 జులైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న దళితులను బట్టలు విప్పి, కట్టేసి, ఊరేగించి కొట్టారు. ఆ వీడియో దేశమంతా చూసింది. కొట్టినవాళ్ల కాళ్లకు ఏమున్నాయో నేను వెతికి వెతికి చూశాను. కర్రల మీదే ఉంది కెమెరా. తోలు తొడుక్కోవడానికి ఎవరికీ అభ్యంతరం లేదు. ఒలిచినవాడు, కోసినవాడు, మోసినవాడు దొరికితే మాత్రం కొడతారు. ఆ దెబ్బలు దళితుడికీ మాకూ పంచుకుని పడుతున్నాయి. అందుకే అంటున్నాను, మా చుట్టాలెవరో మీరు సరిగా చూడండి.

ఇక నా బూట్ల సంగతి. బూటు మెరిస్తే ‘నవాబీ ఇంకా పోలేదు’ అంటారు. మాసితే ‘తురకోళ్ల శుభ్రం ఇంతే’ అంటారు. మెరుపుకూ మురికికీ రెండింటికీ మా పేరే కారణం. పక్కింటి శర్మ గారి బూట్లు మెరిస్తే ఆయన శ్రద్ధ, మాసితే ఆయన తీరిక లేకపోవడం. నాకు శ్రద్ధా లేదు, తీరిక లేకపోవడమూ లేదు. నాకున్నది చరిత్ర ఒక్కటే, అదీ నాది కాని చరిత్ర.

ఉద్యోగంలో చివరి ఏళ్లు ఒక గురుకులంలో తెలుగు చెప్పాను. పిల్లలకు ఏడాదికొక జత నల్ల బూట్లు ఇచ్చేవాళ్లు. మూడు నెలలకే చిరిగిపోయేవి. తడిసిన బూట్లు ఎండలో పెట్టేవాళ్లు, చలికాలం పొయ్యి పక్కన పెట్టేవాళ్లు. తోలు పెంకులా బిగుసుకుని పగిలేది. శనివారం సాయంత్రం ఒక గంట నేను బూట్ల క్లాసు పెట్టాను. తడిస్తే లోపల పాత పేపరు కుక్కాలి, పేపరు తడవగానే మార్చాలి, నీడలో గాలికి ఆరనివ్వాలి. వానాకాలం బూజు పడితే పొడి గుడ్డతో బయట దులిపి, నీళ్లు కలిపిన వెనిగరుతో తుడిచి ఆరబెట్టాలి. తోలు ఎండిపోయినట్టుంటే పాలిష్ ఒక్కటి సరిపోదు, మైనం పైన మెరుస్తుంది గాని లోపలికి తేమనివ్వదు. రెండు చుక్కల నూనె ముందు పట్టించాలి. రెండు చుక్కలంటే రెండే, ఎక్కువైతే తోలు సాగిపోతుంది, పాలిష్ పట్టదు. రెండు జతలున్నవాళ్లు రోజు విడిచి రోజు వేసుకోవాలి, కాలి చెమట ఆరడానికి ఒక రోజు కావాలి. అట్ట కుట్టు ఊడితే ఆ రోజే కుట్టించాలి. రెక్సిన్ బూటుకు పాలిష్ రాయడం దండగ, తడిగుడ్డ చాలు.

క్లాసులో ఒకటే షరతు. ఎవరి బూట్లు వాళ్లే తుడుచుకోవాలి. పెద్ద క్లాసు వాడు చిన్నవాడితో తుడిపించుకోకూడదు. సారు బూట్లు ఎవరూ ముట్టుకోకూడదు. రెండో శనివారానికే ఒక తండ్రి వచ్చాడు. “చదువుకుంటడని తోలితే మా పిలగానికి చెప్పులు తుడుసుడు నేర్పుతున్నవా సార్?” అన్నాడు. ఆయన బాధ నాకు తెలుసు. ఆ పని నుంచి పారిపోవడానికే బిడ్డను బడిలో వేసిన మనిషి ఆయన. “అన్నా, మా దాదా ఊరోళ్ల బూట్లు తుడిచిండు. మా అబ్బా ఆఫీసర్లవి తుడిచిండు. నేను నావే తుడుసుకుంట. నీ కొడుకు కూడా వానివే తుడుసుకుంటుండు” అన్నాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత కొడుకు చేతిలోని గుడ్డ తీసుకుని, “గట్ల గాదు బిడ్డా, కుట్టు పొంటి తుడువు” అని చూపించాడు. ఆయన చేతులు చూస్తే తెలిసింది, ఆరె పట్టిన చేతులు. ఆ రోజు క్లాసు ఆయనే చెప్పాడు. నాకు తెలియని సంగతులు రెండు నేర్చుకున్నాను. తెగిన కుట్టు దారానికి మైనం రుద్దితే నీళ్లు పట్టదని, అట్ట అంచు అరగకముందే మేకు కొట్టించాలని.

అబ్బా రిటైరై ఇంటికొచ్చాక తన బూట్లు ఇంట్లో ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కోడలు వరండా ఊడుస్తూ పక్కకు జరిపినా “రఖ్ దే బేటీ, మై కర్తూఁ” అనేవాడు. మనవడు సరదాకు తుడుస్తానంటే, “అప్నే లా” అనేవాడు. నీవి తెచ్చుకో, నేర్పిస్తా. మా ఇంట్లో ఇప్పుడు అదే చట్టం. మగపిల్లలైనా ఆడపిల్లలైనా, ఎవరి జత వాళ్లది.

మీలో చాలామంది మమ్మల్ని ప్రేమగానే చూస్తారు, బిర్యానీ అడుగుతారు, గజళ్లు మెచ్చుకుంటారు, చార్మినారు గొప్పదంటారు. అవన్నీ మావేనని నేనూ మురిసిపోగలను. కానీ చార్మినారు కింద కూర్చుని బూట్లు తుడిచినవాడి మనవడిని కూడా మీరు గుర్తుపట్టాలి. దేవిడీల గురించి రాసిన పుస్తకాల్లో షాండిలియర్ల లెక్క ఉంటుంది, బూట్ల గది ఉండదు. పోలీసు చర్య గురించి వాదించుకునేటప్పుడు నిజాం ఉంటాడు, పటేల్ ఉంటాడు, బావిలో బూట్లు వేసిన మా దాదీ ఉండదు. ఆర్డర్లీ పద్ధతి గురించి ఎవరైనా మాట్లాడితే కానిస్టేబులు ఉంటాడు, ఆ కానిస్టేబులు ఇంటి ముందు దుమ్ము ఉండదు.

ఈసారి మీ బూట్లు తుడుచుకునేటప్పుడో, ఇంకొకరితో తుడిపించుకునేటప్పుడో డబ్బీ మూత తీసి ఒక్క నిమిషం ఆగండి. మీ స్టేషన్ దగ్గర, మీ కోర్టు ముందు పెట్టె పెట్టుకుని ఇంకా ఎవరైనా కూర్చుని ఉంటే పేరు అడగండి. డబ్బు చేతికివ్వండి. అతని పేరు షేకో, మాదిగో, ఇంకేదో అయితే, “మీరు నవాబులు కదా” అన్న మాట అప్పుడు మీ నోటి నుంచి వస్తుందేమో చూసుకోండి.